అమ్మబోయే ఫ్లాటుకు ఏ ఖర్చు దండుగ? ఏ ఖర్చు గిట్టుబాటు?



ఇల్లు కట్టిచూడు, పెళ్లి చేసిచూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మిచూడు అని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో ఇళ్లు అమ్ముకోవటం అంత తరచుగా వుండేది కాదు కాబోలు. ఇప్పుడో, పిల్లలు వేరే వూళ్లో స్థిరపడ్డారనో, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక లిఫ్టున్న చోటికి మారదామనో, వున్న ఫ్లాటు అమ్ముకోవలసిన అవసరం ఎన్నో కుటుంబాల్లో వస్తోంది. అమ్మాలనుకోగానే ఇంటి ఇల్లాలికి తోచే మొదటి ప్రశ్న, “ఇలాగే చూపిస్తే ఎవరు కొంటారు? కాస్త బాగు చేయించవద్దూ?” అని. ఆ బాగు ఎంతవరకు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే ఈనాటి మన ముచ్చట.

మా పిన్ని కథ చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. హైదరాబాదులో విద్యానగర్ వైపు మూడంతస్తుల పాత అపార్టుమెంటులో ఆవిడకు రెండు పడకగదుల ఫ్లాటు వుండేది. బాబాయి పోయాక ఒక్కతే వుండలేక, ఆ ఫ్లాటు అమ్మి విశాఖపట్నంలో కూతురి ఇంటి దగ్గరే చిన్నది కొనుక్కుందామనుకుంది. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే. ఎవరో అన్నారట, “ఈ కాలం వాళ్లు వంటిల్లు చూసే కొంటారండీ” అని. అంతే. చేతి గాజులు బ్యాంకులో కుదువ పెట్టి, 2 లక్షల 40 వేలు పోసి పాత గట్టు తీయించి, తళతళలాడే కొత్త మాడ్యులర్ వంటిల్లు పెట్టించింది. పడకగది గోడకు బాత్‌రూము వైపున ఏళ్ల తరబడి వున్న చెమ్మ మరకను మాత్రం బీరువా అడ్డం జరిపి కప్పేసింది.

చూడవచ్చిన దంపతులు వంటింటిని మెచ్చుకున్నారు. వాళ్ల వెంట వచ్చిన పెద్దాయన మాత్రం బీరువా వెనక్కి తొంగి చూశాడు. “ఈ చెమ్మ ఎక్కడిదమ్మా? ఎన్నాళ్లనుంచి?” అన్నాడు. పిన్ని నీళ్లు నమిలింది. అక్కణ్ణించి బేరం 3 లక్షలు కిందికి దిగింది. చేరిన నెలకే వాళ్లు ఆ కొత్త వంటిల్లు పీకించి, గ్రైండరు పట్టేటట్టు తమకు కావలసిన గట్టు కట్టించుకున్నారు. చెమ్మకు కారణం బాత్‌రూములో జాలీ కింద పైపు అతుకు వదలటమేనట. వాళ్లకు అది బాగు చేయించుకోవటానికి అయింది 22 వేలు.

“అమ్మాయ్, 22 వేలు పెట్టవలసిన చోట పెట్టక, రెండు లక్షల పైచిలుకు పెట్టకూడని చోట పెట్టానే” అంటుంది పిన్ని ఇప్పటికీ.

ఈ కథలోనే మనకు కావలసిన సూత్రం వుంది. కొనేవారి మనసులో అనుమానం తీర్చే ఖర్చు గిట్టుబాటవుతుంది. మన అభిరుచిని చూపించే ఖర్చు చాలావరకు దండుగవుతుంది. ఎందుకంటారా? అభిరుచి మనిషి మనిషికీ మారుతుంది. అనుమానం అందరికీ ఒకటే. గోడ చెమ్మగా వుంటే కొనేవారు దాని మరమ్మతు ఖర్చు ఒక్కటే లెక్కవేయరు. “ఇంకా లోపల ఏమేం వుందో” అని భయపడి, ఆ భయానికి కూడా ధర కట్టి తగ్గిస్తారు. పైగా అప్పు ఇచ్చే బ్యాంకు తరఫున వచ్చే ఇంజనీరు ముఖ్యంగా చూసేది చదరపు అడుగులూ, కట్టి ఎన్నేళ్లయిందన్నదీ, చుట్టుపక్కల ధరలూ, కాగితాలూ. మీ వంటింటి అలమారల సొగసుకు ఆయన లెక్కలో చోటు తక్కువ.

అయితే ముందు వేటికి ఖర్చు పెట్టాలి?

మొట్టమొదట చెమ్మ. రంగు వేసి మరక కప్పితే ఒక వానకే బయటపడుతుంది. చెమ్మ ఎక్కణ్ణించి వస్తోందో ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. జానెడు పాలిథిన్ ముక్క తీసుకుని, గోడమీద నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజుల తరువాత చూడండి. గోడవైపు నీటిబొట్లు పడితే చెమ్మ గోడలోపలినుంచి వస్తున్నట్టు. గదివైపు పడితే గాలి ఆడక గదిలో తేమ నిలుస్తున్నట్టు. అప్పుడు కిటికీలు తెరిస్తే, బాత్‌రూములో చిన్న ఫ్యాను పెడితే చాలవచ్చు.

బాత్‌రూము మీద అనుమానం వుంటే, నీళ్లు పోయే జాలీని గుడ్డతో గట్టిగా బిగించి, గడప దాటకుండా నేలమీద అంగుళం ఎత్తు నీళ్లు నిలపండి. గోడమీద పెన్సిలుతో గీత పెట్టండి. 24 గంటల తరువాత నీళ్లు గీతకన్నా బాగా దిగినా, కింది ఇంటి కప్పులో చెమ్మ కనిపించినా నేలలోగానీ జాలీ దగ్గరగానీ కారుతున్నట్టే. నీళ్లు దిగకపోయినా గోడ తడిగానే వుంటే గోడలోపలి పైపునో, పై ఇంటివారి బాత్‌రూమునో అనుమానించాలి. మేస్త్రీ వచ్చి “మొత్తం పగలగొట్టాలమ్మా” అనేముందు ఈ సంగతి మీకు తెలిసివుంటే ఎంత ధైర్యమో చూడండి.

కప్పు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తుంటే దాన్ని వట్టి సిమెంటు పూతతో మూయించకండి. లోపలి ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా విడుస్తుంది. తుప్పు గీకించి, చువ్వకు తగిన మందు పూయించి, తరువాతే పూడ్పించాలి. ఎక్కువ చోట్ల వుంటే ఇంజనీరుకు చూపించటం మంచిది.

రెండోది కరెంటు. పాత ఫ్లాట్లలో ఫ్యూజు కట్టెలే వుంటే వాటి స్థానంలో ఎం.సి.బి.లు పెట్టించండి. షాకు కొట్టినా అది ప్రాణం మీదికి రాకముందే కరెంటును తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి తప్పనిసరిగా వుండేటట్టు చూడండి. ఎర్తింగు సరిగా వుందో లేదో కూడా ఎలక్ట్రీషియను చేత చూపించండి. ఇల్లు అమ్ముడయ్యేదాకా మీ పిల్లలకూ అది రక్షణే కదా! వెలగని ట్యూబులైటు, కారే కుళాయి, పట్టని గడియ, కిర్రుమనే తలుపు - ఇవి వందల్లో తేలే పనులు. కానీ వచ్చినవారికి “ఈ ఇంటిని పట్టించుకున్నవారు లేరు” అన్న మాట చెప్పేవి ఇవే.

మూడోది రంగు. రంగు ఖర్చు సాధారణంగా గిట్టుబాటవుతుంది, వరస తప్పకపోతే. ముందు కారటం ఆపాలి. గోడ ఆరాలి. ఆ తరువాత పెచ్చులు గీకి లప్పం, ప్రైమరు, చివరికి రంగు. వానాకాలం వెళ్లాక వేయిస్తే మంచిది. గదికో రంగు వద్దు. తెలుపుకు దగ్గరగా వుండే లేతరంగు ఒకటే ఇల్లంతా వేయిస్తే గదులు విశాలంగా కనిపిస్తాయి. వచ్చేవారు తమ సామాను అక్కడ ఊహించుకోగలుగుతారు.

నాలుగోది శుభ్రం. దీనికి డబ్బు కన్నా ఒళ్లు వంచటం కావాలి. బోరునీళ్ల ఉప్పు పట్టి తెల్లబడ్డ కుళాయిలను వెనిగరులోగానీ నిమ్మరసంలోగానీ తడిపిన గుడ్డ చుట్టి, అరగంట తరువాత తోమి, నీళ్లతో కడగండి. టైల్స్ మధ్య నల్లబడ్డ సందులకు కొత్తగా సిమెంటు పట్టిస్తే పాత బాత్‌రూముకే కొత్త కళ వస్తుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను మాత్రం మొజాయిక్ మీదా, పాలరాయి మీదా పోయకండి. అది రాతినీ సిమెంటునీ తినేస్తుంది. యాసిడ్‌నూ బ్లీచింగు పొడినీ ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

పాత మొజాయిక్ నేల పగుళ్లు లేకుండా వుంటే మిషన్ పాలిష్ పట్టించండి, చాలు. దానిమీద కొత్త టైల్స్ పరిస్తే నేల ఎత్తు పెరిగి, తలుపులన్నీ కింద కోయించవలసి వస్తుంది. గడపల దగ్గరా, బాత్‌రూముల దగ్గరా వాటం చెడుతుంది.

ఇక చేయకూడనివి చెబుతాను. అమ్మబోయే ముందు కొత్త వంటిల్లు, ఫాల్స్ సీలింగు, గోడకు అతికే ఖరీదైన అలమారలు వద్దు. వాస్తు కోసం వంటిల్లు అటునుంచి ఇటు మార్చవద్దు. వాస్తు చూసేవారు ముందు చూసేది సింహద్వారం ఏ వైపున్నదని. దాన్ని మనం ఎలాగూ తిప్పలేం. హాలు పెద్దది చేద్దామని గోడ కొట్టించవద్దు. ఫ్లాటులో మన గోడ అనుకునేది పక్కవారి ఇంటినీ మోస్తుండవచ్చు. అనుమతి లేకుండా బాల్కనీని గదిగా మూసినా ప్లానుకు తేడా వచ్చి, కొనేవారి బ్యాంకు కొర్రీ వేయవచ్చు.

ఫ్లాటంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. మెట్లు, సంపు, డాబా, పార్కింగు - వీటిలోనూ మీకు భాగముంది. వచ్చేవారు మీ తలుపు తట్టేలోపల ఆ మెట్లే ఎక్కి వస్తారు. మెట్లమీద లైటు వెలగకపోతే, గోడలమీద పాన్ మరకలుంటే మీ కొత్త రంగు ఏం చేస్తుంది? అపార్టుమెంటు కమిటీ వారితో మాట్లాడి ఆ పని చేయించండి. అందరూ తలా కాస్త వేసుకుంటే ఒక్కరి మీద పడేది కొంచెమే.

మరి అన్నిటికన్నా ముఖ్యమైన మరమ్మతు ఒకటుంది. దానికి మేస్త్రీ అక్కరలేదు. అది కాగితాల మరమ్మతు. మీ రిజిస్ట్రేషను దస్తావేజు, అంతకుముందు చేతులు మారిన లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, ఇ.సి., ఇంటిపన్ను, నీళ్లు, కరెంటు రసీదులు, కమిటీకి బాకీ లేదన్న కాగితం - ఇవన్నీ ఒక ఫైలులో పెట్టండి. ఫ్లాటు మీద తీసుకున్న అప్పు ఎప్పుడో తీరిపోయినా, బ్యాంకునుంచి అసలు కాగితాలూ, బాకీ లేదన్న పత్రమూ తెచ్చుకోనివారు ఎందరో!

ఇల్లు భర్త పేర వుండి, ఆయన వీలునామా రాయకుండా పోతే, ఆ ఇల్లు భార్య ఒక్కదానిదే అయిపోదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యతోపాటు కొడుకులకూ, కూతుళ్లకూ, ఆయన తల్లి బతికివుంటే ఆవిడకూ వాటా వుంటుంది. అందరూ సంతకం చేస్తేనే అమ్మకం సజావుగా సాగుతుంది. తహసీల్దారు కార్యాలయంనుంచి కుటుంబసభ్యుల సర్టిఫికెట్టు ముందే తెచ్చుకోండి. మా పిన్ని ఈ సంగతి అడ్వాన్సు పుచ్చుకున్నాక తెలుసుకుని, దూరదేశంలో వున్న కొడుకు సంతకం కోసం మూడు నెలలు ఆగవలసి వచ్చింది.

మరో మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, మామూలుగా చూస్తే కనిపించని పెద్ద లోపం ఏదైనా అమ్మేవారికి తెలిసివుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాన్ని కొనేవారికి చెప్పాలి. కాబట్టి బీరువా అడ్డం పెట్టటం ధర్మమూ కాదు, లాభమూ కాదు. “ఇక్కడ చెమ్మ వుండేది, ఫలానా నెలలో బాగు చేయించాం, ఇదిగో బిల్లు” అని చెప్పి చూడండి. ఆ మాటకున్న విలువ ఏ అలంకారానికీ రాదు. ఇంటికి శాశ్వతంగా చేర్చినవాటి బిల్లులు పన్ను లెక్కల్లో కూడా పనికి రావచ్చు. మామూలు రంగులూ, చిల్లర మరమ్మతులూ సాధారణంగా ఆ కిందికి రావు. ఆడిటరును అడిగి తెలుసుకోండి.

చివరగా లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో పని, రెండో గడిలో దాని ఖర్చు, మూడో గడిలో ఆ పని చేయకపోతే కొనేవారు ఎంత తగ్గించి అడుగుతారన్నది రాయండి. మూడోది తెలియాలంటే, ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులను విడివిడిగా అడగండి: “వున్నదున్నట్టు అమ్మితే ఎంత? ఈ పని చేయిస్తే ఎంత?” అని. పనికి పెట్టేదానికి కనీసం రెట్టింపు తేడా వుంటుందంటేనే చేయించండి. ఎందుకంటే పని జరిగే నెలల్లో మీకు తిరుగుడూ, అప్పు తెస్తే వడ్డీ కూడా వుంటాయి. రెండూ సరిసమానంగా వుంటే ఆ పని కొనేవారికే వదిలేయండి. వాళ్ల ఇష్టప్రకారం వాళ్లు చేయించుకుంటారు.

మా పిన్ని గాజులు మళ్లీ చేతికి రావటానికి ఏడాది పట్టింది. విశాఖపట్నంలో చూసుకున్న ఇల్లు ఆ 3 లక్షల తేడా వల్ల చేయి దాటిపోయి, కూతురి ఇంటికి రెండు వీధుల అవతల దొరికింది. సాయంత్రం మనవడు ఆడుకుంటుంటే చూసుకోవలసిన వరండా అది. ఆవిడ పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదని మీకు అర్థమైంది కదూ! అందుకని, గాజులు తీసేముందు బీరువా జరిపి చూడండి.