స్థిర ఐపీ చిరునామా

నెట్‌వర్కులోని ఒక పరికరానికి మారకుండా ఉండేలా కేటాయించిన సంఖ్యారూప చిరునామాను '''స్థిర ఐపీ చిరునామా''' అంటారు. సాధారణంగా డీహెచ్‌సీపీ సర్వరు చిరునామాలను కొంత గడువుకే ఇస్తుంది. తరువాత అవి మారవచ్చు. ప్రింటరు, సర్వరు వంటివాటిని ఇతర కంప్యూటర్లు తరచు చిరునామాను బట్టే చేరుకుంటాయి కనుక అది మారితే పని ఆగిపోతుంది.

== అమర్చే విధానం ==
పరికరపు సెట్టింగులలో ఐపీ చిరునామా (ఉదాహరణకు 192.168.1.10), సబ్‌నెట్ మాస్కు (255.255.255.0), గేట్‌వే (192.168.1.1), డీఎన్‌ఎస్ సర్వరు చిరునామాలను నమోదు చేయాలి. ఈ మాస్కు ప్రకారం మొదటి మూడు సంఖ్యలు నెట్‌వర్కును, చివరిది పరికరాన్ని సూచిస్తాయి.

== జాగ్రత్తలు ==
ఎంచుకున్న చిరునామా డీహెచ్‌సీపీ పంచే శ్రేణికి వెలుపల ఉండాలి. లేనిచో అదే చిరునామా మరొక పరికరానికీ లభించి, రెండింటి సంబంధాలూ తెగిపోవచ్చు. మార్పు తరువాత సెట్టింగుల పుట కొత్త చిరునామాతోనే తెరుచుకుంటుంది. కావున దానిని ముందే రాసి ఉంచుకోవాలి.