విమానమునకు రెండెత్తులు

విమానమునందలి పీడనయంత్రము గాలి బరువును తూచి ఎత్తును ఊహించును. సముద్రమట్టమున గాలి 15 డిగ్రీల వేడిమితో నుండి, పైకిపోవుకొలది చల్లబడునని దాని లెక్క. మన వేసవిలో గాలి వ్యాకోచించును. ఆ లెక్కకన్న 20 డిగ్రీలు వేడియైనచో, యంత్రము 10,000 అడుగులని చూపునప్పుడు విమానము నిజముగా మరి 700 అడుగులు పైనుండును. చలిదేశములలో ఇందుకు విపర్యయము. కొండలయొద్ద అది ప్రాణాంతకము.

ఉపగ్రహములకు గాలి వేడిమితో నిమిత్తము లేదు. వానినుండి దూరములను గణించి ఎత్తును తేల్చుదురు. అట్లయిన దానినే నమ్మరాదా యని నన్ను పలువురడిగిరి. ఎదురెదురుగా వచ్చు రెండు విమానములలో నొకటి గాలిని, వేరొకటి ఉపగ్రహమును నమ్మినచో ఢీకొనవచ్చును. ఎత్తున పోవునవన్నియు 1013.25 హెక్టోపాస్కలుల పీడనమునకే యంత్రములను సరిచేసికొనును. తప్పు అన్నిటికి సమానము గనుక నడిమి యెడము చెడదు. కుంచము కొంచెము పెద్దదైనను ఊరంతయు దానితోనే కొలిచినచో తగవేల? దిగునప్పుడు మాత్రము ఆ విమానాశ్రయపు పీడనమును రేడియోలో తెలిసికొని ముల్లును మార్చుదురు.