ఒక్క కార్డు... మూడు తెరలు!

మాఘమాసం వచ్చిందంటే మా బావమరిదికి నిద్ర ఉండదు. నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర చిన్న గదిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాడు. పోయిన సీజన్‌కి ముందు చేతిలో ఉన్నదంతా ఊడ్చి మూడు 4కె మానిటర్లు కొన్నాడు. తెచ్చిన రాత్రే ఫోను.

'బావా, ఒకటి నల్లగనే ఉంది. ఇంకోదాంట్ల మౌసు ఈడ్చుకుంట నడుస్తున్నది. మంచిగున్నది ఒక్కటే. నా పైసలన్నీ పాయె!'

పదకొండు ఆల్బమ్‌లకి అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. వాటిలో మూడు ఆ వారమే ప్రింటుకి వెళ్లాలి. పత్రికలో పనిచేసే బావకి అన్నీ తెలుసని అత్తవారింట్లో ఓ నమ్మకం. ఆదివారం పొద్దున్నే బస్సెక్కక తప్పలేదు.

మూడు తెరలెందుకూ అంటారేమో. పెళ్లివాళ్లు మురిపెంగా తిరగేసే కరిజ్మా ఆల్బమ్‌లో ఒక్కో షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు చేస్తారు. అంటే అడ్డంగా 10,800, నిలువుగా 3,600... మొత్తం 3 కోట్ల 88 లక్షల పైచిలుకు చుక్కలు. ఆ చుక్కల్నే పిక్సెల్స్ అంటాం. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో ఉండేవి 20 లక్షల 73 వేలు. షీటుని అసలు సైజులో చూడాలంటే అందులో కనిపించేది పంతొమ్మిదో వంతు! పెళ్లికూతురి ముక్కుపుడక దగ్గర మచ్చ తుడిచి, పెళ్లికొడుకు దగ్గరికి రావాలంటే తెరను జరుపుతూ జరుపుతూ పోవాలి. అదే 4కె తెరయితే ఒక్కోదాంట్లో సుమారు 83 లక్షల పిక్సెల్స్. అలాంటివి మూడు పక్కపక్కన పెడితే వెడల్పు 11,520. షీటు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పడుతుంది.

గళ్లుగళ్లుగా బొమ్మ కట్టడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు లెండి. పోచంపల్లి చిటికి పనిలో గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ లెక్క చూసుకుని, నేయకముందే నూలుకి రంగులద్దేస్తారు. లెక్క తప్పితే చీర మీద పువ్వు చెదిరిపోతుంది. మావాడి గదిలో తప్పింది కూడా లెక్కే.

నల్లగా ఉన్న తెర సంగతి ఐదు నిమిషాల్లో తేలింది. సీపీయూ వెనక పైన మదర్‌బోర్డు పోర్టులుంటాయి. కింద విడిగా ఓ వరసలో ఉండేవి గ్రాఫిక్స్ కార్డువి. మావాడు రెండు కేబుళ్లు కార్డుకి పెట్టి, మూడోది పైనున్న హెచ్‌డీఎంఐకి తగిలించాడు. విడిగా కార్డు పెట్టాక చాలా కంప్యూటర్లలో మదర్‌బోర్డు తన బొమ్మని తానే ఆపేసుకుంటుంది. కేబుల్ కిందకి మార్చగానే తెర వెలిగింది. బావమరిది మొహం కూడా.

ఈడ్చుకుంటూ నడిచే మౌసే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది. ఒక 4కె బొమ్మని సెకనుకి 60 సార్లు తెరకి పంపాలంటే కేబుల్‌లోంచి సెకనుకి దాదాపు 12 గిగాబిట్లు పోవాలి. పాత హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగేది ఎనిమిది చిల్లర. అందుకే అది 30 సార్లే పంపి ఊరుకుంటుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0కి 60 సార్లు లెక్కే కాదు. అంతకుముందే, 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2 కూడా ఆ పని చేస్తుంది. మావాడి కార్డుకి ఒక హెచ్‌డీఎంఐ, మూడు డిస్‌ప్లేపోర్ట్‌లు ఉన్నాయి. కానీ తనకి తెలిసిందల్లా హెచ్‌డీఎంఐ కేబులే. అందుకని డిస్‌ప్లేపోర్ట్‌కి ఓ చౌకరకం కన్వర్టర్ తగిలించాడు. ఆ కన్వర్టర్ 30 దగ్గరే ఆగిపోయే రకం. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే ఆ అంకె ఎదురుగానే ఉంది. ఇంతకీ తమాషా ఏమిటంటే, మానిటర్ల వెనక కూడా డిస్‌ప్లేపోర్ట్ ఉంది. దాని కేబుల్ అట్టపెట్టెలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంది!

ఒక కార్డుతో ఇన్ని తెరలు నడవడం ఎప్పట్నుంచో ఉన్నదేం కాదు. ఒకటికి మించిన మానిటర్లని విండోస్ ఒప్పుకొన్నదే 1998లో. 2001లో ఐబీఎం 3840 × 2400 పిక్సెల్స్ మానిటర్ తెస్తే ఆ ఒక్క తెరకే నాలుగు కేబుళ్లు కావాల్సి వచ్చింది. 2002లో మ్యాట్రాక్స్ సంస్థ మూడు తెరల కార్డు తెచ్చింది. 2009లో ఏఎండీ 'ఐఫినిటీ' పేరుతో ముందుకొచ్చి, మరుసటి ఏడాది ఆరు తెరల కార్డే అమ్మింది. ఎన్విడియా మామూలు కార్డులు రెండు తెరలు దాటి నాలుగుకి చేరింది 2012లో. ఇప్పుడిక ఈ వాడకం హైదరాబాద్‌కే పరిమితం కాదు. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్గొండలో ఐటీ టవర్లు మొదలయ్యాయి.

కొనబోయేవాళ్లకి ఒక్క మాట. కార్డుకి నాలుగు పోర్టులున్నాయని నాలుగు తెరలు నడుస్తాయనుకోవద్దు. ఒకేసారి ఎన్ని నడుపుతుందో కంపెనీ వివరాల్లో విడిగా రాస్తుంది, అది చూడండి. ఆటల కోసం తయారైన ఖరీదైన కార్డు కూడా ఈ పనికి అక్కర్లేదు. మూడు 4కె తెరల బొమ్మ మొత్తం దాచడానికి పట్టేది సుమారు వంద ఎంబీయే. ఫొటోషాప్ ఇంకొంత అడుగుతుంది గానీ, దానికి ఆస్తులమ్మాల్సిన పనిలేదు. ఆ డబ్బుతో మంచి యూపీఎస్ కొనుక్కుంటే నయం.

చెప్పాలంటే, షీటంతా మూడు తెరల మీద పరిచే సరదా మావాడికి ఒక్క పూటే. రెండు మానిటర్ల అంచులు కలిసేచోట సరిగ్గా పెళ్లికూతురు పడింది. 'రెండు ముక్కలైంది బావా' అని నవ్వాడు. ఇప్పుడు ఎడమ తెరలో ఫొటోల కుప్ప, మధ్యలో అసలు సైజులో మొహాలు, కుడివైపు షీటు మొత్తం. ఫొటోషాప్‌లో ఒకే షీటుని రెండు కిటికీల్లో తెరుచుకోవచ్చు. ఇక్కడ దిద్దింది అక్కడా మారుతుంది.

తీరని చిక్కు రంగులది. మూడూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. అయినా గద్వాల చీర అంచు ఒకదాంట్లో కుంకుమ రంగు, పక్కదాంట్లో వంగపండు రంగు. చీర రంగు మారిందంటే ఆడపెళ్లివారు ఆల్బమ్ వెనక్కి కొడతారు, ప్రింటు ఖర్చు మీద పడుతుంది. రంగులు సరిచూసే పరికరం తెరకి తగిలించి కొలుచుకోవచ్చు గానీ, అది వచ్చే సీజన్‌కి కొంటానన్నాడు. అప్పటిదాకా మధ్య మానిటర్ కింద కాగితం ముక్క అంటించాడు: 'రంగు దీంట్లనే చూడాలె'.