వాదీ అంటే మన వాగే!

దుబాయ్‌లో మనవాళ్లకు సెలవంటే ఏముంటుంది? బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు, దేరాలో సరుకులు, సాయంత్రం ఓ తెలుగు సినిమా. ఈ చలికాలం మేం ఆ వరస కాస్త మార్చాం. రెండు కార్లలో తొమ్మిది మందిమి శనివారం తెల్లారగానే హత్తా కొండలకు బయల్దేరాం. రెండు కుటుంబాలు, ముగ్గురు బ్యాచిలర్లు. ఊళ్లో పెళ్లాం పిల్లలున్నా ఇక్కడ వీళ్లను బ్యాచిలర్లనే అంటారు లెండి!

హత్తా కూడా దుబాయ్ ఎమిరేట్‌లోదే. నగరం నుంచి సుమారు 130 కిలోమీటర్లు, హజర్ పర్వతాల మధ్య, ఒమన్ సరిహద్దు పక్కనే. అక్కడి డ్యామ్‌లో పచ్చటి నీళ్లు, చుట్టూ మోడు కొండలు. కయాక్‌లు అద్దెకిస్తారు. మాలో సగం మందికి ఈత రాదు, అయినా లైఫ్ జాకెట్ ఉందన్న ధైర్యంతో దిగాం. 'గోదావరిలో పడవ నడిపినోణ్ణి' అన్న మా రాజోలు తమ్ముడు, రెండువైపులా రెక్కలున్న తెడ్డు చేతికొచ్చేసరికి పావుగంట సేపు ఉన్నచోటే గిరగిరా తిరిగాడు. పిల్లలు ఒకటే నవ్వు.

మధ్యాహ్నం సైకిళ్లు. కొండదారుల్లో సైకిల్ తొక్కేవారికోసం ఇక్కడ 50 కిలోమీటర్లకు పైగా బాటలున్నాయి. ఆకుపచ్చ గుర్తున్నవి తేలిక, తర్వాత నీలం, ఎరుపు. నలుపు ఆరితేరినవాళ్లకే. ఊళ్లో సైకిల్ మీద పాలు పోసిన అనుభవంతో మావాడొకడు నీలం బాట పట్టాడు. మోకాలు గీరుకుని, సైకిల్ తోసుకుంటూ తిరిగొచ్చాడు.

అసలు సంగతి సాయంత్రం జరిగింది. ఊరి బయట ఓ వాదీలో మెత్తటి ఇసుక చూసి టెంట్లు వేశాం. గాలి లేదు, నెత్తిన మబ్బు తునక లేదు. పొయ్యి రాజేస్తుంటే, విజిట్ వీసా మీద వచ్చిన మా జగిత్యాల అక్క తుమ్మచెట్ల వైపు చూసి ఆగిపోయింది. కొమ్మలకు మనిషి ఛాతీ ఎత్తున ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని ఉన్నాయి.

'ఇది వాగే గదా. చెత్త అంత ఎత్తున ఉన్నదంటే నీళ్లు ఆడిదాక వచ్చినట్టే. ఈడ పండుకోవద్దు' అంది.

'వానెక్కడుందే?' అని బావ నవ్వాడు.

'మన మీదనే పడాల్నా? పైన గుట్టల్ల పడితే చాలదా?'

గొణుక్కుంటూనే టెంట్లు పీకాం. కార్లు కూడా తీసేదాకా ఆమె ఊరుకోలేదు. రాత్రి రెండింటికి లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడు. టార్చి వేసి చూస్తే మా పొయ్యి ఉన్నచోట ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. మా మీద ఒక్క చినుకు పడలేదు.

ఇక్కడి కొండలన్నీ రాయే. పట్టి ఉంచడానికి మట్టి లేదు, చెట్లు తక్కువ. ఎక్కడో పడిన వాన కూడా చూస్తుండగానే వాదీలోకి దూకుతుంది. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు కూడా గడవకుండానే 254 మిల్లీమీటర్లు కురిసిన దేశమిది. 2023లోనే జరిమానాలు గట్టిగా పెట్టారు. పారుతున్న వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హమ్‌లు, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి స్వాధీనం. వానవేళ వాదీలు, డ్యామ్‌ల దగ్గర గుమిగూడినా 1,000 దిర్హమ్‌లు, 6 పాయింట్లు. మనలో చాలామందికి అది నెల జీతం. ప్రాణం లెక్క వేరే.

కాబట్టి బయల్దేరేముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోండి. కొండల్లో వాన సూచన ఉంటే ప్రయాణం మానుకోండి. టెంట్ ఎత్తున వేయండి. చలిగా ఉందని బొగ్గుల కుంపటి లోపలికి తీసుకెళ్లొద్దు. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆపదొస్తే 999కి ఫోన్ చేయండి.

అక్క వీసా గడువు అయిపోయి ఊరికెళ్లిపోయింది. మొన్న మళ్లీ బయల్దేరినప్పుడు, టెంట్ వేసే చోటు ఫొటో తీసి ఆమెకే పంపాం. నిమిషంలో జవాబొచ్చింది: 'చెట్లకు చెత్త ఉన్నదేమో, ముందుగాల అది చూడుండ్రి.'