మొరాయించిన గేరుపెట్టె: దోషము యంత్రములోనా, తీగలోనా?

నడచుచున్న కారు ఉన్నట్లుండి బరువెక్కినట్లగును. ఆక్సిలరేటరు త్రొక్కినను వేగము పుంజుకొనదు. గేర్లు మారవు. ఎదుట డ్యాష్‌బోర్డుపై పసుపుపచ్చని దీపమొకటి వెలుగును. ఎట్లో షెడ్డుకు చేర్చిన పిమ్మట "గేరుపెట్టె దింపి విప్పవలెను" అను మాట వినబడును. ఆ మాట వెనుక లక్ష రూపాయల లెక్క ఉండవచ్చును. ఆటోమేటిక్ కారును అద్దెకు త్రిప్పుకొని సంసారము నడుపుకొనువానికి అది పిల్లల ఫీజులను, ఇంటి అద్దెను ఒక్కమారుగ మ్రింగివేయు మాట. అయితే పెక్కు సందర్భములలో గేరుపెట్టె నిక్షేపముగ ఉండును. చెడినది దానికి ఆజ్ఞలు చేరవేయు తీగయో, కనెక్టరో, చిన్న సెన్సరో అయి ఉండును. విప్పుటకు ముందు ఆ సంగతి తేల్చుకొను విధానమును గూర్చి ఇచట కొంత వివరింపదలచినాము.

తెలుగు పాఠము చెప్పువారికి గేరుపెట్టెతో పనియేమని కొందరు నవ్వవచ్చును. మా తరగతిలో కూర్చుండు విద్యార్థులలో పలువురు పానా పట్టిన చేతుల కష్టముతో చదువుకొనుచున్నవారే. ఇంటర్మీడియేట్ భౌతికశాస్త్రములో వారు చదివిన ఓమ్ నియమము ఆ షెడ్డులో ఎంత పనికివచ్చునో వారికి చెప్పువారు అరుదు. అందుచేత ఈ సాహసము.

క్లచ్చి త్రొక్కి చేతితో గేరు మార్చు పద్ధతి అందరకు తెలిసినదే. ఆటోమేటిక్ గేరుపెట్టె గల కారులో క్లచ్చి పెడలు ఉండదు. ఇంజనుకు గేరుపెట్టెకు నడుమ టార్క్ కన్వర్టరు అను గుండ్రని పాత్ర ఉండును. రెండు పంకాలను ఎదురెదురుగ నిలిపి ఒకదానిని నడిపినచో దాని గాలికి రెండవది తిరుగును గదా! ఇచట గాలికి బదులు నూనె ఆ పని చేయును. దాని వెనుక, సూర్యుని చుట్టు గ్రహములవలె, ఒక పళ్లచక్రము చుట్టు చిన్న చక్రములు, వెలుపల ఒక వలయము అమర్చబడి యుండును. ఏ చక్రమును పట్టి నిలుపవలెను, దేనిని విడువవలెను అను దానినిబట్టి గేరు మారును. పట్టి నిలుపు పని క్లచ్చి పళ్లెములది. ఆ పళ్లెములను నొక్కు బలము నూనె ఒత్తిడిది.

జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ గేరుపెట్టెలో గేరు ఎప్పుడు మారవలెనో నిర్ణయించునది కూడ నూనె ఒత్తిడియే. కారు వేగమునుబట్టి ఒక ఒత్తిడి, ఆక్సిలరేటరునుబట్టి మరియొక ఒత్తిడి ఏర్పడి, రెండును కవాటమునకు ఇరుప్రక్కల త్రోయుచుండగా గెలిచినదాని మాట చెల్లెడిది. 1980ల నుండి ఈ నిర్ణయాధికారము క్రమముగ కంప్యూటరు చేతిలోనికి పోయినది. ఇంజను వైపు వేగము, చక్రముల వైపు వేగము, నూనె వేడిమి, లివరు ఏ స్థానములో నున్నది అను సమాచారమును సెన్సర్లు కంప్యూటరుకు అందించును. కంప్యూటరు సోలినాయిడ్లకు విద్యుత్తు పంపును. సోలినాయిడ్ అనగా ఒక తీగచుట్ట. విద్యుత్తు పారినపుడు అయస్కాంతమై లోపలి ఇనుప కడ్డీని లాగును, కడ్డీ కదలగా నూనె దారి తెరచుకొనుటయో మూసుకొనుటయో జరుగును. కండబలము నేటికిని నూనెదే. ఆజ్ఞ మాత్రము విద్యుత్తుది.

ఆజ్ఞ అందనపుడు ఏమగును? కంప్యూటరుకు తన సెన్సరుపైగాని సోలినాయిడుపైగాని నమ్మకము పోయినచో చాల నమూనాలలో సోలినాయిడ్లకు విద్యుత్తునే ఆపివేయును. అపుడు కవాటములు స్ప్రింగుల బలముచే ఒకే స్థితిలో నిలచును. ముందునకు పోవుటకు ఏదో ఒక్క గేరు, వెనుకకు పోవుటకు రివర్సు మిగులును. ఆంగ్లములో లింప్ మోడ్ అను ఈ స్థితిని మేము కుంటినడక అనెదము. ఇది రోగము కాదు, యంత్రము తన్ను తాను కాపాడుకొను ఉపాయము. ఇందొక ఆశాజనకమైన సూచన కూడ కలదు. కుంటినడకలోనైనను కారు జారక గట్టిగ కదలుచున్నదన్నచో లోపల పంపు ఆడుచున్నదనియు, ఆ గేరుకు కావలసిన పళ్లెములు పట్టుచున్నవనియు అర్థము.

పరీక్షకు పూనుకొనువారు మొట్టమొదట బ్యాటరీని చూడవలెను. ఇది మరీ చిన్న విషయమని తోచవచ్చును గాని, కంప్యూటరునకు వోల్టేజి తగ్గినపుడు అది వ్రాయు ఫిర్యాదులన్నియు అబద్ధములు కావచ్చును. నిండుగ ఛార్జి అయి విశ్రాంతిలో నున్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను నడచునపుడు సాధారణముగ 13.5 నుండి 14.5 వరకు ఉండును. తరువాత ఫ్యూజులు, ఆ తరువాత ఎర్తు. బ్యాటరీ ఋణధ్రువమును కారు శరీరమునకు, ఇంజనుకు కలుపు పట్టీని మనవారు ఎర్తు అందురు. రబ్బరు టైర్లపై నిలచిన బండికి నేలతో సంబంధమేమో గాని మాట స్థిరపడిపోయినది. ఆ పట్టీ బిగించిన బోల్టు క్రింద త్రుప్పు పట్టినచో గేరుపెట్టెలోనే గాక బండిలో నానా చోట్ల వింత వింత దోషములు పుట్టును.

లివరు 'పి' స్థానము నుండి కదలనే కదలకున్నచో, వెనుకకు పోయి బ్రేకు దీపములు వెలుగుచున్నవా అని చూచుట మంచిది. బ్రేకు త్రొక్కిన సంగతి స్విచ్చి ద్వారా తెలిసిన గాని పెక్కు కార్లలో లివరు తాళము విడదు. స్విచ్చి చెడినను, దాని ఫ్యూజు పోయినను ఇదే గతి. అట్లే 'పి'లో స్టార్టు కాని బండి 'ఎన్'లో స్టార్టు అగుచున్నచో లివరు స్థానము తెలుపు సెన్సరును, దాని అమరికను అనుమానింపవలెను.

ఇక స్కానరు. అమెరికాలో 1996 నమూనాల నుండి కార్లన్నింటిలో 16 కాళ్ల పరీక్షా కనెక్టరు తప్పనిసరి అయినది. ఇపుడు మన కార్లలోను స్టీరింగు క్రింద అది కనబడును. దానికి స్కానరు తగిలించినచో దోషసంకేతములు వెలువడును. ఈ సంకేతములను చదువుటలోనే అసలు పొరపాటు జరుగుచున్నది. 'పి0700' అను సంకేతము చాలమంది గుండెలు జారునట్లు చేయును గాని దాని భావము "గేరుపెట్టె కంప్యూటరు ఏదో ఫిర్యాదు వ్రాసికొన్నది, వెళ్లి చదువుడు" అని మాత్రమే. చౌక స్కానర్లు ఇంజను కంప్యూటరును మాత్రము చదివి ఇక్కడనే ఆగిపోవును. 'పి0753' అన్నచో గేరు మార్చు 'ఎ' సోలినాయిడు విద్యుత్ వలయములో దోషము. సోలినాయిడే చెడినదని కాదు. వలయమనగా కంప్యూటరు, తీగ, కనెక్టరు, చుట్ట, ఎర్తు అన్నియు. 'పి0715' లోపలికి వచ్చు వేగము చెప్పు సెన్సరు వలయమునకు, 'పి0720' వెలుపలికి పోవు వేగపు సెన్సరు వలయమునకు సంబంధించినవి. 'పి0730' వంటిది వేరు జాతి. గేరు నిష్పత్తి లెక్కకు కుదరలేదని దాని ఫిర్యాదు. పళ్లెములు జారుచున్నను అది రావచ్చును, వేగపు సెన్సరు తప్పు చెప్పినను రావచ్చును. సంకేతము వీధి పేరు చెప్పును, ఇంటి నంబరు చెప్పదు. చదివిన వెంటనే చెరిపివేయుట కూడ తగదు. దోషము పుట్టిన క్షణమున వేగమెంత, వేడిమి యెంత అను వివరములను పెక్కు కంప్యూటర్లు దాచి యుంచును. వానిని కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే చెరుపవలెను.

ఇపుడు ఓమ్ నియమము పనికివచ్చును. ఒక సోలినాయిడు చుట్ట నిరోధము 12 ఓమ్‌లు, వోల్టేజి 12 అనుకొందము. ప్రవాహము 1 ఆంపియరు. కనెక్టరు కాలిపై చిలుము పట్టి 6 ఓమ్‌ల అదనపు నిరోధము చేరినది. మొత్తము 18 ఓమ్‌లు, ప్రవాహము 0.67 ఆంపియరుకు పడిపోవును. 12 వోల్టులలో 4 ఆ చిలుము దగ్గరనే ఖర్చై, చుట్టకు 8 మాత్రమే మిగులును. కడ్డీ పూర్తిగ కదలదు. ఆ 4 వోల్టులు వృథాగ పోవుటయే కాదు, దాదాపు 2.7 వాట్ల వేడిగ మారి ఆ సన్నని కాలినే మరింత కాల్చును. నేడు కొంచెముగ నున్న దోషము నెలకు పెద్దదగుట ఇందువలననే.

ఇచటనే ఒక సూక్ష్మము కలదు. బండి ఆపి, తీగ రెండు కొనలకు మల్టీమీటరు పెట్టి నిరోధము కొలచినచో తీగ బాగున్నదనియే తోచవచ్చును. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినను మీటరు దాదాపు సున్నయే చూపును; మీటరు పంపు ప్రవాహము అంత స్వల్పము. కావున ప్రవాహము పారుచున్నపుడు, పని జరుగుచున్నపుడు తీగ ఈ కొనకు ఆ కొనకు నడుమ ఎంత వోల్టేజి పడిపోవుచున్నదో కొలువవలెను. మంచి ఎర్తులో అది 0.1 వోల్టు మించరాదు. ఈ ఒక్క పరీక్ష నేర్చినవాడు నూరు భాగములు మార్చువానికంటె మేలైన మెకానిక్కని మా అభిప్రాయము. హైదరాబాదు షెడ్లలో పెద్ద మెకానిక్కును ఉస్తాదు అందురు. ఉర్దూలో గురువునకు వాడు మాట అది. దానికి తగినవాడు ముందు కొలుచును, పిదప విప్పును.

చల్లగ నున్నపుడు చక్కగ నడచి, ఇరువది నిమిషముల తరువాత మొరాయించు బండ్లు కొన్ని కలవు. రాగి నిరోధము ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతము పెరుగును. 20 డిగ్రీల వద్ద 12 ఓమ్‌లున్న చుట్ట 100 డిగ్రీల వద్ద సుమారు 15.8 చూపును. ఇది సహజమే, దోషము కాదు. కొలచినపుడు వేడిమి యెంతో తెలియక పుస్తకములోని అంకెతో పోల్చుట తగదు. వేడికి అకస్మాత్తుగ నిరోధము అనంతమైనచో మాత్రము చుట్టలో తీగ తెగినదనుకొనవలెను. వేగపు సెన్సర్లలో రెండు జాతులు కలవు. రెండు తీగల అయస్కాంతపు సెన్సరును ఓమ్‌లలో కొలువవచ్చును. హాల్ సెన్సరును అట్లు కొలువరాదు. దానికి విద్యుత్తు ఇచ్చి, చక్రము త్రిప్పి, సంకేతము వచ్చుచున్నదా అని చూడవలెను.

ఒక నిజమైన ఉదాహరణము. మెర్సిడెస్ బెంజ్ సంస్థ 1996లో 722.6 అను అయిదు గేర్ల ఆటోమేటిక్‌ను తెచ్చినది. గేరుపెట్టె లోపల నూనెలో మునిగిన ఒక ఫలకముపై వేగపు సెన్సర్లు అమర్చబడి యుండును. వాని తీగలు 13 కాళ్ల కనెక్టరు ద్వారా వెలుపలికి వచ్చును. ఆ కనెక్టరు కూర్చుండు ప్లాస్టిక్ తొడుగునకు చిన్న రబ్బరు వలయములు కలవు. ఏండ్లు గడచి అవి గట్టిపడినచో నూనె కనెక్టరులోనికి చేరును. అంతటితో ఆగదు. ప్రమిదలోని నూనె వత్తి వెంట ప్రాకినట్లు, తీగ పోగుల నడుమనున్న సందుల వెంట ఆ నూనె ప్రాకి ప్రాకి దూరముననున్న కంప్యూటరు పెట్టెలోనికే చేరును. కేశనాళికీయత అని పాఠ్యపుస్తకములో చదివినది ఇదే. బండి కుంటినడక పట్టును. ఆపి, 'పి'లో పెట్టి, ఇంజను నిలిపి మరల నడిపినచో 2వ గేరు, రివర్సు మాత్రము దొరకును. ఇట్టి బండికి క్రొత్త కంప్యూటరు కొని పెట్టినచో కొన్నాళ్లకు అదియు నూనెలో తడియును. కంప్యూటరు వద్ద కనెక్టరు ఊడదీసి వ్రేలితో తాకి చూచినచో జిడ్డు తెలియును. ఆ తొడుగును మార్చి, తీగలను, రెండు కొనల కనెక్టర్లను శుభ్రపరచుటయే మొదటి చికిత్స. లోపలి ఫలకము చెడినదో లేదో ఆ తరువాత కొలచి తేల్చుకొనవచ్చును.

మన ప్రాంతములో నూనెకంటె నీటి బాధ ఎక్కువ. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వరదలలో అనేక కార్లు మునిగినవి. నీరు తీసివేయగనే నడచిన బండ్లు సైతము నెలల తరువాత మొరాయింపవచ్చును, కనెక్టరులో చిలుము నెమ్మదిగ పెరుగును గనుక. ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టుట మరమ్మతు కాదు. సరియైన క్రింపు వేసి, జిగురు గల ముడుత గొట్టమును వేడితో బిగించి, నీరు చొరకుండ చేయవలెను. పరీక్షకై తీగ తోలును సూదితో పొడుచుట కూడ నీటికి దారి తీయుటయే.

'యు0101' వచ్చినచో గేరు కంప్యూటరుతో మాటలు తెగినవని అర్థము. కంప్యూటర్లు మాటలాడుకొను రెండు తీగలను క్యాన్ అందురు. బ్యాటరీ తీసి, పరీక్షా కనెక్టరులో 6, 14 కాళ్ల నడుమ కొలచినచో సాధారణముగ 60 ఓమ్‌లు రావలెను. రెండు కొనలయందు చెరియొక 120 ఓమ్‌ల నిరోధకములు సమాంతరముగ నుండుటయే కారణము. 120 వచ్చినచో ఒక కొన తెగినది.

నూనె నల్లబడి కాలిన వాసన వేయుచు, ఇనుప రజను కనబడి, ప్రతి గేరు జారుచున్నచో తీగల వెంట తిరుగుట వృథా; అపుడు విప్పవలసినదే. 2014లో మారుతీ సెలేరియోతో మన దేశమున వ్యాపించిన ఏ.ఎం.టి. పద్ధతి వేరు. అది చేతిగేర్ల పెట్టెయే, క్లచ్చిని యంత్రము త్రొక్కును. దానికి కుంటినడక లెక్కలు వర్తింపవు గాని బ్యాటరీ, ఎర్తు, కనెక్టరు పరీక్షలు అట్లే వర్తించును.

మరమ్మతు ముగిసిన పిమ్మట సంకేతములను చెరిపి, బండిని చల్లగ నున్నపుడొకమారు, బాగుగ వేడెక్కిన తరువాత ఒకమారు అన్ని గేర్లలో నడిపి, మరల స్కానరు పెట్టి చూడవలెను. క్రొత్త కంప్యూటరు వేసినచో ఆ బండికి తగినట్లు దానిని అమర్చు పని కూడ మిగిలియుండును. కొలచిన అంకెలన్నియు, మరమ్మతునకు ముందువి తరువాతవి, ఒక కాగితముపై వ్రాసి యజమాని చేతికి ఈయవలెను.