టర్బో నుంచి ఆయిల్ కారుతోందా? ఇంటి దగ్గర విప్పి బిగించే పద్ధతి

మనలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు డ్రైవరు. నాన్నో, అన్నో, మేనమామో కిస్తీల మీద కొన్న డీజిల్ బండి నడుపుతుంటారు. ఆ బండి వారం రోజులు ఆగిందంటే ఆ నెల ఇంట్లో అప్పు తప్పదు. అలాంటి బండ్లకు తరచుగా వచ్చే జబ్బు టర్బో నుంచి ఆయిల్ కారడం. దాన్ని ఎలా గుర్తించాలి, ఎంతవరకు మన చేతులతో బాగుచేసుకోవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఈ వ్యాసంలో చెబుతాను. ఇందులో ఉన్నదంతా మనం హాస్టల్లో చదువుకున్న భౌతికశాస్త్రమే.

టర్బో చేసే పని

డీజిల్ మండాలంటే గాలి కావాలి. రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున నిమిషానికి సుమారు 2500 లీటర్ల గాలి పీల్చాలి. అంతకన్నా ఎక్కువ గాలి అందిస్తే ఎక్కువ డీజిల్ శుభ్రంగా మండి, అదే ఇంజను ఎక్కువ బరువు లాగుతుంది. ఆ గాలిని తోయడానికి, సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగనే వాడుకోవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ ఆలోచించాడు. 1905లో పేటెంట్ పొందాడు.

ఒకే ఇరుసుకు రెండు చివర్ల రెండు చక్రాలు. పొగ తగిలి తిరిగేది టర్బైన్ వీల్. దానితోపాటు తిరిగి గాలిని ఇంజనులోకి నెట్టేది కంప్రెసర్ వీల్. ఈ రెండింటి మధ్య ఇరుసును మోసే భాగాన్ని మెకానిక్‌లు కోర్ అంటారు. మన జబ్బు ఉండేది అక్కడే.

ఇరుసు వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. లెక్క వేసి చూడండి. చక్రం వ్యాసం 5 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1,20,000 చుట్లు అనుకుందాం. అంటే సెకనుకు 2000 చుట్లు. చుట్టుకొలత 15.7 సెంటీమీటర్లు కాబట్టి చక్రం అంచు సెకనుకు 314 మీటర్లు పోతుంది. గాలిలో శబ్దవేగం సుమారు 340 మీటర్లని మనకు తెలుసు. ఈ వేగంలో చక్రం అంచు మీద గ్రాములో పదోవంతు బరువు తేడా ఉన్నా, అది దాదాపు 40 కిలోల బరువంత బలంతో ఇరుసును పక్కకు లాగుతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

ఆయిల్ ఎందుకు కారుతుంది?

ఇంత వేగంలో ఇనుము ఇనుముకు తగిలితే క్షణాల్లో కరిగిపోతుంది. అందుకే ఇరుసు బేరింగుల మధ్య పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిల్ పై నుంచి ఒత్తిడితో వస్తుంది. పని అయ్యాక కింది పైపు గుండా తన బరువుతో తానే ఇంజను చాంబరులోకి జారిపోతుంది. దాన్ని లాగే పంపు ఏదీ లేదు, గురుత్వాకర్షణే దిక్కు.

ఇరుసు చివర్ల ఆయిల్‌ను ఆపేది రబ్బరు సీలు అని చాలామంది అనుకుంటారు. చాలా టర్బోల్లో ఉండేది పిస్టన్ రింగు లాంటి సన్నని ఇనుప రింగు. రెండు వైపులా ఉండే గాలి, పొగల ఒత్తిడి తోడుంటేనే అది ఆయిల్‌ను ఆపగలదు. కాబట్టి ఆయిల్ కారినంత మాత్రాన టర్బో పోయినట్టు కాదు. విప్పే ముందు ఈ నాలుగూ చూడాలి:

1. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా? గాలి అందకపోతే కంప్రెసర్ వైపు శూన్యం ఏర్పడి ఆయిల్‌ను బయటికి పీలుస్తుంది.
2. ఆయిల్ తిరిగి వెళ్లే పైపులో మసి గడ్డకట్టిందా? పైపు వంగిందా? దారి లేక ఆయిల్ రింగుల మీదుగా పొర్లుతుంది.
3. ఇంజను బ్రీదర్ పైపు మూసుకుపోయిందా? చాంబరులో ఒత్తిడి పెరిగితే ఆయిల్ కిందికి దిగదు. బ్రీదర్ బాగున్నా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ జోరుగా తన్నుతుంటే అసలు జబ్బు పిస్టన్ రింగులది కావచ్చు.
4. డిప్‌స్టిక్ గుర్తు కన్నా ఆయిల్ ఎక్కువ పోశారా?

గాలి పైపు లోపల కొద్దిగా ఆయిల్ తడి చాలా బండ్లలో మామూలే. బ్రీదర్ ఆవిరి ఆ దారిలోనే వెళ్తుంది. చుక్కలుగా నిలిచి ఉన్నా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తున్నా అనుమానించాలి. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదని, పైపో క్లిప్పో వదులైందని కూడా కావచ్చు.

మా అన్న బండి సంగతి

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. మా అన్న పదో తరగతితో ఆపేసి స్టీరింగు పట్టుకున్నాడు కాబట్టే నేను ఈ రోజు ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాను. అతని పాత గూడ్సు బండి నీలం పొగ వదులుతుంటే పట్నంలో ఒక వర్క్‌షాపులో చూపించాడు. టర్బో మొత్తం మార్చాలన్నారు. ఆ డబ్బు మూడు కిస్తీలకు సమానం.

సంక్రాంతి సెలవుల్లో నేను ఇంటికెళ్లినప్పుడు, మా వాడలోనే ఉండే మెకానిక్ బాబాయిని దగ్గర కూర్చోబెట్టుకుని పై నాలుగూ చూశాం. తిరుగు పైపు సగం మేర మసితో మూసుకుపోయి ఉంది. దాన్ని శుభ్రం చేస్తే పొగ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. గాలి పైపు తీసి ఇరుసును పట్టుకుని కదిపాం. పైకీ కిందికీ కొంచెం కదలడం సహజం, ఆయిల్ పొరకు చోటు కావాలి కదా. ముందుకూ వెనక్కూ మాత్రం చేతికి తెలిసేటంత కదలిక ఉండకూడదు. చిన్న టర్బోల్లో అది సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు లోపే. మా బండిలో వేలికి స్పష్టంగా తెలిసింది. అంటే థ్రస్ట్ బేరింగు అరిగింది.

"కిట్టు తెచ్చుకుంటే ఇక్కడే విప్పుదాం గానీ, తొందరపడితే పని చెడుద్దిరా" అన్నాడు బాబాయి. రెండు రోజులు పట్టింది.

విప్పి బిగించే క్రమం

ఇంజను పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. పొగ వైపు నట్లు వేడికి పట్టేసి ఉంటాయి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే స్టడ్లు విరగవు. టర్బో దింపాక ఇంజను వైపు తెరుచుకున్న ప్రతి రంధ్రాన్నీ శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఒక్క వాషర్ లోపల పడినా ఇంజనుకే ముప్పు.

విప్పే ముందు రెండు హౌసింగులకూ కోర్‌కూ కలిపి గీత గీయాలి, లేకపోతే బిగించేటప్పుడు పైపులు కుదరవు. తర్వాత కంప్రెసర్ నట్టు, చక్రం, ఇరుసు కొన, ఈ మూడింటి మీదుగా ఒకే గీత గీయాలి. 40 కిలోల లెక్క గుర్తుందిగా! ఏ కోణంలో ఉన్నవాటిని ఆ కోణంలోనే మళ్లీ పెట్టడానికి ఆ గీత. ఈ నట్టు చాలా టర్బోల్లో ఎడమచేతి మరతో ఉంటుంది. మామూలు నట్టులా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. పక్కకు బలం పడకుండా నిటారుగా తిప్పాలి, ఇరుసు వెంట్రుకవాసి వంగినా ఇక పనికిరాదు.

విడి భాగాలను విప్పిన వరుసలోనే పళ్లెంలో పేర్చుకోండి, సెల్ ఫోనుతో ఫొటోలు తీసుకోండి. కిరోసిన్‌లో నానబెట్టి నైలాన్ బ్రష్‌తో కడగాలి. చక్రాల మీద ఇనుప బ్రష్, ఎమరీ కాగితం వాడకూడదు, రెక్కల బరువు మారిపోతుంది. ఆయిల్ రంధ్రాలన్నిటినీ గాలి కొట్టి తెరవాలి.

కిట్టులో సాధారణంగా రెండు బేరింగులు, థ్రస్ట్ బేరింగు, రింగులు, ఓరింగులు, సర్‌క్లిప్పులు ఉంటాయి. టర్బో పేరుపలక మీది నంబరు చూపించి అదే నంబరుకు సరిపడేది తీసుకోవాలి. ప్రతి భాగాన్నీ కొత్త ఇంజన్ ఆయిల్‌తో తడిపి బిగించాలి. ఇరుసును లోపలికి జార్చేటప్పుడు రింగును మెల్లగా నొక్కి దించాలి. బలవంతం చేస్తే విరుగుతుంది. నట్టు బిగువు ఎంతన్నది ఆ మోడల్ మాన్యువల్ ప్రకారమే. బిగించాక వేలితో తిప్పితే చక్రాలు ఎక్కడా రాసుకోకుండా తిరగాలి.

ఇక్కడ ఆగాలి

చక్రం రెక్క విరిగినా, గోడకు రాసుకున్న గుర్తున్నా, ఇరుసు మీద గోటికి తగిలే గాడి ఉన్నా, వేడికి నీలం రంగు తిరిగినా, హౌసింగు పగిలినా కిట్టుతో బాగుకాదు. బ్యాలెన్స్ చేసి వచ్చిన కొత్త కోర్ వేయాలి. అన్నీ బాగున్నా, బిగించిన కోర్‌ను టర్బో పని చేసే షాపులో మిషన్ మీద బ్యాలెన్స్ చూపించండి. మేమూ చూపించాం. ఇంటి దగ్గర కాని పని అదొక్కటే, దాన్ని మిగుల్చుకోవడం దండగ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి టర్బోను కంప్యూటర్ నడిపిస్తుంది. వాటి జోలికి ఇంటి దగ్గర వెళ్లకండి.

స్టార్ట్ చేసేటప్పుడు

ఆయిల్ గాస్కెట్ల దగ్గర సిలికాన్ పేస్టు పూయవద్దు. పొంగిన ముక్క ఊడితే ఆయిల్ దారి మూసుకుంటుంది. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కొత్తవి వేయాలి. పాత పైపుల్లో నిలిచిన ఆయిల్ తుడిచేయాలి. టర్బో పై రంధ్రంలో ఆయిల్ పోసి చేత్తో తిప్పాలి. డీజిల్ సరఫరా ఆపి, సెల్ఫ్ కొద్దికొద్దిగా ఆగి ఆగి కొడితే ఆయిల్ బేరింగు దాకా చేరుతుంది. అప్పుడు స్టార్ట్ చేసి, ఎక్సలేటరు తొక్కకుండా ఐదు నిమిషాలు నెమ్మది మీద నడవనివ్వాలి.

ఒక్క ప్రమాదం అందరూ తెలుసుకోవాలి. ఆయిల్ ఎక్కువగా గాలి దారిలోకి పోతే డీజిల్ ఇంజను ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుని తనంతట తాను వేగం పెంచుకుంటుంది. తాళం తీసినా ఆగదు. డ్రైవరు సీట్లో ఉంటే బ్రేకు బలంగా తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి క్లచ్ వదిలి ఇంజనును ఆపాలి. లేదంటే గాలి పీల్చే మూతికి చెక్క పలక అడ్డం పెట్టాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు. దగ్గరికి వెళ్లలేని స్థితి అయితే దూరంగా పరుగెత్తండి. ఇంజను పోతే కొనుక్కోవచ్చు. ఆయిల్ బాగా కారుతున్న బండిని "ఈ ఒక్క ట్రిప్పు" అని నడపకూడదనేది ఇందుకే.

రెండు నిమిషాల అలవాటు

టర్బోను ఎక్కువగా చంపేది మన అలవాటే. ఘాట్ ఎక్కి లోడుతో వచ్చి వెంటనే తాళం తీస్తే ఆయిల్ రావడం ఆగిపోతుంది, వేడి మాత్రం లోపలే ఉంటుంది. నిలిచిన ఆయిల్ మాడి మసి అవుతుంది. తిరుగు పైపును మూసేది ఆ మసే. ఆపే ముందు రెండు నిమిషాలు నెమ్మది మీద నడవనిస్తే చాలు. ఆయిల్ గడువుకు మార్చడం, ఫిల్టర్ శుభ్రంగా ఉంచడం మిగతా రెండు మందులు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పుస్తకంలో స్నిగ్ధత, పీడనం, వృత్తాకార చలనం అని చదివి మార్కులు తెచ్చుకుంటాం. అవే మన ఇంటి ముందు ఆగిన బండిలో ఉన్నాయి. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంట్లో బండి నడిపేవారి పక్కన కూర్చుని ఈ నాలుగు తనిఖీలూ వారితో కలిసి చేయండి. మీ లెక్క వారికి పనికొస్తుంది, వారి చేతివాటం మీకు పనికొస్తుంది. ఈ పని మీద ఇష్టం కలిగితే పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఉంది. చదువు ఆపుకుని అందులో చేరాల్సి వచ్చిందని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. మిల్లీమీటరులో పదోవంతును చూపుడు వేలితో పసిగట్టగల మా బాబాయి దగ్గర నేను నేర్చుకున్నది ఏ ల్యాబులో నేర్చుకున్నదానికీ తక్కువ కాదు.