జర్మన్ సైనిక పతకాలు: ముద్ర చెప్పేదెంత, చెప్పనిదెంత

భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు పట్టా పక్కభాగాన్ని పరిశీలనగా చూస్తే ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. తయారుచేసిన కర్మాగారం, పట్టా రకం, తయారైన సంవత్సరం వాటిలో ఉంటాయి. పట్టా రోలింగ్ మిల్లులో రూపం పొందుతున్నప్పుడే ఆ అక్షరాలూ పడతాయి. హీట్ నంబర్ మాత్రం ఆ తరువాత గుద్దినది గనుక లోపలికి దిగి ఉంటుంది. ఉక్కు కర్మాగారంలో తరాలుగా పనిచేస్తున్న ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన విషయమే. పాత జర్మన్ సైనిక పతకాలు, బ్యాడ్జీలు అసలువా, నకిలీవా అని తేల్చేవారు కూడా మొదట చూసేది దీనినే: ముద్ర అచ్చుతోపాటే పడిందా, తరువాత ఎవరైనా గుద్దారా?

జర్మన్ పతకాలతో మనకేమి పని అన్న సందేహం కలగవచ్చు. భారత స్వాతంత్ర్య చరిత్రలోని ఒక అధ్యాయానికి సంబంధించిన పతకాలు తయారైనది అప్పటి జర్మన్ ఏలుబడిలోని వియన్నాలోనే. సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉండగా, ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ యుద్ధఖైదీలు ప్రధానంగా ఇండియన్ లెజియన్ ఏర్పడింది. 1942లో ఆయన ఆజాద్ హింద్ పతకాలను నెలకొల్పారు. షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్ వాటిలోని శ్రేణులు. యుద్ధరంగంలో చూపిన శౌర్యానికి ఇచ్చేవాటిపై కత్తుల గుర్తు ఉండేది. వీటిని తయారుచేసినది రుడాల్ఫ్ సూవల్ అనే సంస్థ. హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్ సఫ్రానీ బెర్లిన్‌లో బోస్‌కు సన్నిహిత సహచరుడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యు-180 జలాంతర్గామిలో బోస్ వెంట బయలుదేరిన ఏకైక భారతీయుడు ఆయనే.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. సూవల్ సంస్థ యుద్ధం ముగిసిన తరువాత కూడా పాత పతకాల ప్రతులను తయారుచేసి అమ్మింది. అంటే సంస్థ అదే, ముద్ర అదే కావచ్చు; కాలం మాత్రం వేరు. అటువంటి దానిని నకిలీ అనాలా, అసలు అనాలా? లెజియన్ సైనికుడెవరూ దానిని ధరించి ఉండడు గనుక, చరిత్రకు సాక్ష్యంగా అది చెల్లదనే చెప్పాలి. నాటి పతకానికి, దశాబ్దాల తరువాతి ప్రతికి ధరలో ఎంతో తేడా ఉంటుంది. ఆ తేడాయే మోసానికి దారి చూపుతోంది.

జర్మన్ ముద్రల విధానాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. ప్రభుత్వానికి పతకాలు సరఫరా చేసే సంస్థలకు అంకెలు కేటాయించారు. ఉదాహరణకు 4 అంటే ల్యూడెన్‌షైడ్ పట్టణంలోని స్టైన్‌హావర్ ఉండ్ ల్యూక్, 65 అంటే ఈడార్-ఓబర్‌స్టైన్‌లోని క్లైన్ ఉండ్ క్వెంజర్. దుకాణాల్లో అమ్మేందుకు చేసిన వాటిపై ‘ఎల్’ అక్షరం, గీత, ఆపై అంకె ఉంటాయి. సూవల్ గుర్తు ఎల్/58. ఈ ‘ఎల్’ గుర్తులు 1941లో మొదలైన ఏర్పాటుకు చెందినవి. కనుక 1940లో బహూకరించిన పతకమని చెబుతూ ‘ఎల్’ ముద్ర ఉన్నదానిని చూపితే ప్రశ్నించవలసిందే. సైనికుడు తన పతకం పోగొట్టుకొని తరువాత మరొకటి కొనుక్కుని ఉండవచ్చు. అయితే ఆ మాట అమ్మేవాడి నోటి నుంచి మొదటే రావాలి, నిలదీసిన తరువాత కాదు. పూర్తిగా ముద్రలేని అసలు పతకాలూ అనేకం ఉన్నాయి. అందువల్ల ముద్ర లేదని తోసిపుచ్చడం ఎంత పొరపాటో, ఉందని నమ్మేయడం అంతే పొరపాటు.

ముద్ర తరువాత చూడవలసినది లోహం. యుద్ధానికి ముందు, తొలినాళ్ళలో బ్యాడ్జీలకు రాగి, జింకు కలిసిన టోంబాక్ అనే మిశ్రమలోహం వాడేవారు. రాగికి కొరత ఏర్పడడంతో 1942 ప్రాంతం నుంచి జింకు వాడకం బాగా పెరిగింది. జింకుపై వేసిన పూత కాలక్రమంలో పోయి, పతకం బూడిదరంగుకు తిరుగుతుంది. ఎనభై ఏళ్ళనాటి జింకు బ్యాడ్జీ పూత కొత్త పెళ్ళికూతురి నగలా తళతళలాడుతుంటే అనుమానించడమే మంచిది. ఐరన్ క్రాస్ నిర్మాణం వేరు. నలుపు వేసిన ఇనుప పలకను రెండు వెండి చట్రాల మధ్య ఉంచి, అంచుల వద్ద టంకం పెట్టి అతుకుతారు. లోపలిది ఇనుమైతే అయస్కాంతం పట్టాలి. అయితే ఇత్తడి పలకతో చేసినవీ కొన్ని ఉన్నాయి. ఒక్క అయస్కాంతంతో తీర్పు చెప్పలేము.

నకిలీ బయటపడేది ఎక్కువగా వెనుకవైపే. తయారీదారు శ్రద్ధంతా ముందువైపు బొమ్మపై ఉంటుంది. పిన్ను, కీలు, కొక్కెం సంగతి మరిచిపోతాడు. టోంబాక్ బ్యాడ్జీలకు కీలును టంకంతో అతికేవారు. జింకుపై టంకం సరిగా నిలవదు గనుక, చివరి సంవత్సరాల జింకు బ్యాడ్జీలలో కీలును లోహంలోనే గుంట చేసి బిగించిన పద్ధతి తరచుగా కనిపిస్తుంది. ఏ సంస్థ ఏ సంవత్సరంలో ఏ రకం కీలు వాడిందో సేకర్తలు పోల్చి నమోదు చేశారు. ముద్ర ఒక సంస్థది, కీలు మరొక సంస్థ పద్ధతిది అయితే ఆ బ్యాడ్జీ తన మాటను తానే కాదన్నట్టు. పిన్ను విరిగితే బాగుచేయించుకున్న సందర్భాలు లేకపోలేదు. అప్పుడు పాత అతుకు ఆనవాలు కింద మిగిలి ఉంటుంది.

పోత పోసినదా, అచ్చుకొట్టినదా అన్నది మరో పరీక్ష. ఫౌండ్రీలో పనిచేసినవారికి దీనిని వివరించనక్కరలేదు. అసలు పతకం నుంచి మూస తీసి పోత పోస్తే, చల్లారినప్పుడు లోహం కుంచించుకుపోయి ప్రతి కొద్దిగా చిన్నదవుతుంది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, అసలుదాని కొలతతో పోలిస్తే ఆ తేడా తెలుస్తుంది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో ఉపరితలంపై సన్నని రంధ్రాలు, మొద్దుబారిన అంచులు కనిపిస్తాయి. అచ్చుకొట్టిన దానిలో గీతలు పదునుగా ఉంటాయి. అయితే పాత అచ్చులతోనే యుద్ధానంతరం కొట్టినవాటి విషయంలో ఈ పరీక్ష ఉపకరించదు. అక్కడ లోహమూ, వెనుక అమరికలే ఆధారం. పశ్చిమ జర్మనీలో 1957 నాటి చట్టం యుద్ధకాలపు పతకాలను స్వస్తిక గుర్తు తొలగించి ధరించడానికి అనుమతించింది. అందువల్ల స్వస్తిక లేని, 1939 అని ఉన్న ఐరన్ క్రాస్ నకిలీ కాకపోవచ్చు. అది 1957 తరువాతిది.

ఇన్ని పరీక్షలకు నిలిచిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది: దీనిని ధరించినది ఎవరు? రెండు ప్రపంచ యుద్ధాలలో బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడిన భారతీయ సైనికుల పతకాల అంచుపై సాధారణంగా సైనికుని నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. మన ఇళ్ళలోని పెట్టెల అడుగున ఉన్న తాతల పతకాలకు ఆ సౌకర్యం ఉంది. జర్మన్ పతకాలపై మామూలుగా కనిపించేది తయారీదారు గుర్తే. ఫలానా స్వాతంత్ర్య సమరయోధునిదంటూ ఆజాద్ హింద్ పతకాన్ని అమ్మజూపేవారిని అడగవలసినది పతకం గురించి కాదు, దానితోపాటు ఇచ్చిన ప్రశంసాపత్రం గురించి. పేరు, దళం, తేదీ, సంతకం అందులోనే ఉంటాయి. కుటుంబం వద్ద ఉన్న ఫొటోలు, ఉత్తరాలు, జాతీయ అభిలేఖాగారంలోని నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్ దస్త్రాలు ఆ తరువాతి ఆధారాలు. ఢిల్లీ ఎర్రకోటలో 2019 జనవరి 23న ప్రారంభమైన నేతాజీ సంగ్రహాలయంలో ఆజాద్ హింద్ ఫౌజ్‌కు చెందిన పతకాలు, బ్యాడ్జీలు ప్రదర్శనలో ఉన్నాయి. కొనాలనుకునేవారు ముందుగా ఒకసారి వాటిని చూడడం మేలు.

ఇంట్లో ఇటువంటి పతకం ఉన్నవారు దానిని చింతపండుతోగానీ, పాలిష్‌తోగానీ తోమరాదు. కాలం వేసిన మరకలు, అతుకుల చుట్టూ పేరుకున్న నలుపు కూడా సాక్ష్యాలే. రిబ్బను చిరిగినా మార్చకుండా, పత్రాలతో కలిపి పొడిచోట భద్రపరచాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలిసినవారు బతికి ఉండగానే ఒక కాగితంపై రాయించి, తేదీతో సంతకం తీసుకోవాలి.